డౌన్‌టైం రాత్రుల్లో చివరి గది

చెప్పండి. మీరేం చూశారు?

ఎదురు మేడలో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళే కదా మీరు. టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళే కదా. మూడో అంతస్తులో, నడవా చివర, మనుషులెవరూ కూర్చోని గదిలో... పచ్చటి వెలుగొకటి వెలిగి ఆరడం చూశారా, లేదా?

చూశారు. చూసి, పరదా లాగేసుకున్నారు. మనకెందుకులే అనుకున్నారు.

ఆ 'మనకెందుకులే' ఉంది చూశారూ, దెయ్యాన్ని ఊళ్ళో నిలబెట్టేది అదే. సరే, మీరు చెప్పకపోతే నేనే చెప్తాను. విన్నది విన్నట్టు.

ఆ చివరి గదికి చెడ్డపేరు కొత్తగా వచ్చింది కాదు. ఆ ఆఫీసులో బిల్డుల పని చూసే పెద్దాయన ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున్న ఊడవడానికి వచ్చినామె 'అయ్యా, కాళ్ళు కాస్త ఎత్తండి' అని మూడుసార్లు అన్నదట. అప్పటినుంచి ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు. విరిగిన కుర్చీలు, పాడైన మానిటర్లు పడేసే చోటైపోయింది. పగలు కూడా అటువైపు నీళ్ళ కూజాకి వెళ్ళాలంటే జంటగా వెళ్ళేవాళ్ళు.

బిల్డులంటే ఏంటో తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఆసుపత్రుల్లో మంచం పక్కన నిలబెట్టి, నరంలోకి మందు చుక్క చుక్కగా ఎక్కించే పంపులుంటాయి కదా, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అది. రాసేవాళ్ళు రాసిందంతా ఒకే చోట దాస్తారు. రిపోజిటరీ దాని పేరు, ఆఫీసులో అందరికీ రెపో. రెపోలో కొత్త ముక్క పడితే చాలు, మెషిన్లు ఎవరూ చెప్పకుండానే దాన్ని లాక్కుని, పాతవాటితో కలిపి, సాఫ్ట్‌వేర్ కట్టేస్తాయి. అదే బిల్డు. పగలూ రాత్రీ కడుతూనే ఉంటాయి.

అప్పుడప్పుడు రెపోను మరమ్మతుకు మూస్తారు. ఇన్నింటికి మూస్తాం, ఇన్నింటికి తెరుస్తాం అని ముందే గడువు చెప్పి మూస్తారు. అది డౌన్‌టైం. అంతసేపూ బిల్డులన్నిటినీ పాజ్‌లో పెట్టి ఉంచాలి. లేకపోతే మెషిన్లు మూసిన తలుపును ఊరికే బాదుతుంటాయి. అంతకంటే ఘోరం, తలుపు సగం తీసి ఉన్నప్పుడు లోపలికి దూరితే... కొత్తది సగం, పాతది సగం, చేతికందిందల్లా వేసి కట్టేస్తాయి. ఇల్లు మారే హడావిడిలో ఉప్పు డబ్బా, సబ్బుపొడి డబ్బా ఒకేచోట పెడితే, చీకట్లో కూర వండినవాడి పనిలా ఉంటుంది అది.

ఇక తమ్ముడి సంగతి.

అక్కా తమ్ముడూ ఇద్దరూ అక్కడే పనిచేసేవాళ్ళు. అక్క పంపుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే మనిషి. తప్పు పట్టుకోవడమే ఆమె జీతం. తమ్ముడు బిల్డులు చూసేవాడు. ఒక డౌన్‌టైం రాత్రి వాడి వంతు వచ్చింది. బిల్డులన్నీ ఆపాడు. గోడమీద పెద్ద తెరలో వరసలన్నీ పసుపుపచ్చగా మారాక, ఒకటికి రెండుసార్లు చూసుకుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి బిల్డులు తెరుచుకుని ఉన్నాయి. రెపో ఇంకా సగమే తెరిచి ఉంది. ఆ సగం సగం సరుకుతో కట్టిన సాఫ్ట్‌వేర్ దానంతట అది ఆసుపత్రులకు వెళ్ళిపోయింది. ఒక వార్డులో పంపులన్నీ ఒక్కసారి ఆగి కూతలు పెట్టాయి. పాపం నర్సులు, ఒక్కో మంచం దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా చుక్కలు చేత్తో లెక్కపెట్టారు. ఎవరి ప్రాణమూ పోలేదు. అది ఆ నర్సుల చలవ.

"నేను తెరవలేదు," అన్నాడు తమ్ముడు. "చివరి గదిలో ఏదో చప్పుడైంది. వెలుగు వచ్చింది. తిరిగి చూసేసరికి తెర మీద వరసలు కదులుతున్నాయి. మళ్ళీ ఆపేలోపే సరుకు వెళ్ళిపోయింది."

ఆఫీసులో అందరూ నవ్వారు.

ఆ ఆఫీసులో ఒక దరిద్రపు అలవాటుంది. టీమంతటికీ ఒకటే లాగిన్. ఆపేదీ ఆ పేరే, తెరిచేదీ ఆ పేరే. ఒకే తాళంచెవి పదిమంది జేబుల్లో తిరిగినట్టు. ఇక ఎవరు తెరిచారో ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి ఉన్నది వాడొక్కడే. కాబట్టి వాడే. నిద్రమత్తులో మీట నొక్కేశాడన్నారు. నిద్రమొహం అని పేరు పెట్టారు. ఉద్యోగం పీకేశారు.

దెబ్బ తగిలితే మనిషి లేస్తాడు. మాట పోతే లేవడు. నా అనుభవంలో నేను చూసిందదే. తమ్ముడు ఇంట్లో గది తలుపు వేసుకున్నవాడు ఏడాదిగా సరిగ్గా బయటికి రాలేదు. అక్క కంచం పెడితే తింటాడు, తీస్తే ఊరుకుంటాడు. ఒక్కోసారి మాత్రం చీకట్లోంచి అడుగుతాడు: "అక్కా... ఒకవేళ నేనే తెరిచానేమో? నాకే గుర్తు లేదేమో?"

అదే ఆమెని కోసింది. ఊరు నమ్మకపోతే పోనీ. వాడిని వాడే నమ్మడం మానేశాడు.

అందుకే మళ్ళీ పెద్ద డౌన్‌టైం అనగానే, నేను కూర్చుంటానంది.

మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. ఆయన్ని వెనకాల అందరూ రేపుసారు అంటారు. ఏదడిగినా రేపు చూద్దాం అనే రకం.

"నువ్వెందుకమ్మా? ఆడమనిషివి, ఒక్కదానివి. ఇంకెవరినైనా పెడదాం."

"పెట్టండి సారూ. ఎవరొస్తారో అడగండి."

అడిగాడు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి పెళ్ళిచూపులు, ఇంకొకడు ఏమీ దొరక్క జ్వరం వచ్చేలా ఉందన్నాడు.

ఆ రాత్రి ఆఫీసులో దీపాలన్నీ ఆర్పేసి, తన బల్ల మీద ఒక్కటి ఉంచుకుంది. బిల్డులన్నీ ఆపింది. తెర మీద వరసలన్నీ పసుపు. తర్వాత ఆమె చేసిన పని ఇదివరకు ఆ ఆఫీసులో ఎవరూ చేసి ఉండరు. కీబోర్డు పీకింది. మౌసు పీకింది. రెండూ డ్రాయర్లో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి తీసుకెళ్ళి కింద గార్డు చేతిలో పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు గార్డు.

"తెల్లారాక ఇవ్వండన్నా. మధ్యలో నేనే వచ్చి కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వకండి."

"మీ రూపంలో ఇంకెవరైనా వస్తే?"

"అప్పుడసలు ఇవ్వకండి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా... ఒక మాట. అన్ని డౌన్‌టైం రాత్రుల్లోనూ ఆ గదిలో చప్పుడు ఉండదు. పని లేటయిన రాత్రులే. రెపో వాళ్ళు చెప్పిన టైముకి తెరిచేస్తే ఏ గొడవా లేదు. గడువు దాటిందనుకోండి... అప్పుడే లేస్తాడాయన."

"మీరు చూశారా?"

"నేను చూళ్ళేదమ్మా. నాకు పిల్లలున్నారు."

అక్క పైకొచ్చి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఎంతసేపని చూస్తాం గోడని? ఏసీ కూడా ఆపేశారు. ఎక్కడో కుళాయి ఒక్కో చుక్కా రాలుస్తోంది... తెర మీద పసుపు వరసలు కదలకుండా పడుకుని ఉన్నాయి. ఆసుపత్రులకు పంపే చోట మాత్రం ఇప్పుడు ఒక మనిషి ఒప్పుకుంటేనే ముందుకు పోయేలా కట్టుదిట్టం చేశారు, అంతవరకు నయం. ఇవాళ ఏది తెరుచుకున్నా ఏ వార్డుకీ ముప్పు లేదు. ముప్పున్నది ఒక్క తమ్ముడికే. ఈ రాత్రి ఏమీ జరగకపోతే, వాడు నిద్రమొహమే అని తేలిపోతుంది.

దెయ్యం రావాలని దండం పెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ రాత్రి ఆమె అదే చేసింది.

గడువు దగ్గరికొచ్చింది. రెపో వాళ్ళ దగ్గర్నుంచి కబురు లేదు.

గడువు దాటింది. కబురు లేదు.

కుళాయి చుక్క... చుక్క...

అప్పుడు వినిపించింది. నడవా చివర్నుంచి. ముందు సన్నగా, ముక్కుతో ఊపిరి పీల్చినట్టు. తర్వాత బరువుగా. ఆయాసంతో ఉన్న మనిషి మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, గుండెల నిండా గాలి తీసుకుంటున్నట్టు.

ఆమె లేవబోయి ఆగింది. ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"ఒరేయ్... నిద్రపోయావా?"

"లేదక్కా."

"ఫోను పెట్టేయకు. జేబులో వేసుకుంటా. నువ్వేమీ మాట్లాడకు. విను అంతే."

నడవాలో దీపం లేదు. గోడకి చెయ్యి ఆనించి నడిచింది. అడుగు వేసినప్పుడల్లా ఊపిరి దగ్గరవుతోంది. చివరి గది తలుపు ఓరగా ఉంది. తోసింది...

మూలన, పెద్దాయన బల్ల కింద, తెల్లగుడ్డ కప్పుకుని ఒకరు ముడుచుకుని కూర్చున్నారు. గుడ్డ లోపల్నుంచి వెలుగు. గుడ్డ కొంచెం పైకి లేస్తోంది... దిగుతోంది...

తప్పులు పట్టే బుర్ర కదా. ఎంత భయమేసినా కళ్ళు వాటి పని అవి చేశాయి. గుడ్డ లేచేది ఒకవైపే. ఆవైపు నుంచే వేడి గాలి కాలికి తగులుతోంది. దెయ్యం ఊపిరి వేడిగా ఉంటుందా?

వంగి, గుడ్డ లాగింది.

మెషిన్. పాతది. పనిలో పడి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. గుడ్డని ఎగరేసేది ఆ ఫ్యానే. దాని చిన్న తెర మీద పెద్దాయన రాసిన మాటలు, మనుషులతో మాట్లాడినట్టే:

'గడువు దాటింది. బిల్డులు తెరవడం మర్చిపోయినట్టున్నారు. తెరవనా? కాసేపట్లో వద్దనకపోతే తెరిచేస్తాను.'

అక్క అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఆమెకి గుర్తొచ్చింది. బిల్డులు ఆపినవాళ్ళు తిరిగి తెరవడం మర్చిపోవడమే ఆ ఆఫీసులో పాత జబ్బు. గోడమీద తెరని ఎవరూ పట్టించుకోరు, ఆఫీసు తలుపు పైన ఉండే బిల్డుల దీపం మాత్రం ఆపేముందు ఏ రంగుందో ఆ రంగే చూపిస్తూ ఉంటుంది. పచ్చగా ఉంది కదా అని అందరూ హాయిగా ఉంటారు. లోపల వారాల తరబడి ఏ బిల్డూ నడవదు. పెద్దాయన దాని మీద అరిచి అరిచి అలిసిపోయి, చివరికి మనుషుల్ని నమ్మడం మానేసి, ఈ మెషిన్‌ని కాపలా పెట్టుకున్నాడన్నమాట. చెప్పిన గడువు దాటినా బిల్డులు ఆగే ఉంటే, టీము లాగిన్‌తోనే తెరిచేస్తుంది. గడువు పొడిగించారని దానికెవరు చెప్తారు? చెప్పాల్సినవాడు పోయాడు.

"నువ్వు కాదురా," అంది గుసగుసగా, జేబు వైపు. "నువ్వు కాదు."

అప్పుడే... మెట్ల మీద అడుగులు.

బూట్ల చప్పుడు కాదు. ఉత్త పాదాల చప్పుడు. వెనక మెట్ల మీదుగా, తడుముకోకుండా, త్వరగా.

అక్క తలుపు వెనక్కి జరిగింది. ఊపిరి బిగబట్టింది. మెషిన్ ఒక్కటే ఊపిరి తీస్తోంది.

వచ్చినవాడు దీపం వెయ్యలేదు. విరిగిన కుర్చీల మధ్యనుంచి, రోజూ నడిచే దారిలా, నేరుగా ఆ మూలకి వెళ్ళాడు. ఒక చేతిలో బూట్లు. ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోను వెలుగులో ముఖం సగం కనిపించింది. ఫోను తెర మీద అవే మాటలు: 'తెరవనా?'

రేపుసారు.

వంగి, మెషిన్ మీద 'వద్దు' అనే మీటకి చెయ్యి చాపాడు.

"నొక్కకండి సారూ."

బూట్లు కింద పడ్డాయి. ఆ మనిషి తేలు కుట్టిన దొంగలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేను కూడా ఏమీ నొక్కను," అంది అక్క. "ఇద్దరం చేతులు కట్టుకుని చూద్దాం. ఏమవుతుందో."

చూశారు. చీకట్లో ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక మెషిన్. ఎవరి చెయ్యీ కదల్లేదు. ఫ్యాను చప్పుడు ఇంకా పెరిగింది... టిక్కున ఏదో శబ్దం. బల్ల మీద పెద్దాయన పెట్టుకున్న పచ్చ దీపం ఒక్కసారి వెలిగి, ఆరింది. నడవా అవతల పెద్ద గదిలోంచి బిల్డులు లేచిన గంటలు ఒకదాని వెంట ఒకటి మోగాయి.

మీరు ఎదురు మేడ నుంచి చూసిన వెలుగు అదే.

"ఈ ప్రశ్న మీ ఫోనుకి ఎప్పటినుంచి వస్తోంది సారూ?"

ఆయన గోడకి ఆనుకున్నాడు. "పెద్దాయన పోయాక నా ఫోనుకి మళ్ళించారు. ఏదో పనికిరాని మెసేజి అనుకునేవాణ్ణి. తుడిచేసేవాణ్ణి."

"ఆ రాత్రి?"

ఆయన ఫోను తెర ఆర్పేశాడు.

"ఆ రాత్రి వచ్చిందా, లేదా?"

"వచ్చింది. డౌన్‌టైం పొడిగించమన్నది నేనే. మీ తమ్ముడికి చెప్పాలనుకున్నా... పొద్దున్న చెప్దాంలే అనుకున్నా. అది 'తెరవనా' అనడిగింది. నేను పక్కకి తిరిగి పడుకున్నా." ముఖం తుడుచుకున్నాడు. "తర్వాత అర్థమైంది. ఈ మెషిన్ తీసేద్దామనే అనుకున్నా. రేపు, రేపు అని..."

"వాడు ఏడాదిగా తలుపు వేసుకుని కూర్చున్నాడు."

"తెలుసు."

తెలుసట! ఈ లోకంలో దెయ్యాలకంటే ఎక్కువగా భయపెట్టే మాట అదొక్కటే. నాకు తెలుసు అని మెల్లగా చెప్పి ఊరుకునే మనిషి మాట.

ఆయన కాస్త దగ్గరికి జరిగి, గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక్క మాట వినమ్మా. రేపట్నుంచే మీ తమ్ముణ్ణి పనిలోకి తీసుకుంటాను. పాత కుర్చీ, పాత పని. ఒక్క ప్రశ్న అడిగేవాడుండడు. తెల్లారేసరికి ఈ మెషిన్ ఇక్కడ ఉండదు. ఎవరైనా అడిగితే గదిలో దెయ్యం ఉందందాం. ఎలాగూ అదే అంటున్నారు కదా. దెయ్యానికేమన్నా ఉద్యోగం పోతుందా?"

అక్క ఆ మెషిన్ వైపు చూసింది.

ఆమెని తప్పు పట్టకండి. వాడు స్నానం చేసి, తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దాటడం ఆమె కళ్ళ ముందు కనిపించింది. ఏడాదిగా కోరుకున్నది అదే కదా. సరే అనే మాట నాలుక చివరికి వచ్చేసింది.

అప్పుడు ఆమె జేబులోంచి ఒక గొంతు. వాడకం లేక బొంగురు పోయిన గొంతు.

"సారూ."

రేపుసారు ఉలిక్కిపడి ఆ జేబు వైపు చూశాడు.

"ఉద్యోగం సంగతి తర్వాత సారూ. ఒక్కటి చెప్పండి చాలు. ఆ రాత్రి తెరిచింది నేనా?"

ఫ్యాను నెమ్మదించింది.

"మా అక్క చెప్తే నమ్మను సారూ. నామీద ప్రేమతో చెప్తుంది. మీరు చెప్పండి. అందరి ముందూ నన్ను నిద్రమొహం అన్నది మీరే కదా. నేనా తెరిచింది?"

ఆయన కిందకి వంగాడు. ఒక బూటు దొరికింది. రెండోదాని కోసం కుర్చీల కింద చేత్తో వెతుకుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"రేపు మాట్లాడుకుందాం."

తమ్ముడు ఫోను పెట్టెయ్యలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది. జవాబు కోసం అక్కడే, ఆ చీకట్లో, వేచి ఉన్నాడు.

ఇంకా అలాగే ఉన్నాడట. ఆయన చెప్పడు. గార్డుకి పిల్లలున్నారు. అక్క మాట వాడికి చాలదు. మొదట్నుంచి చివరిదాకా విన్నవాళ్ళు మీరు. వాడికి చుట్టం కారు, పక్కం కారు. మీ మాటైతే వాడు నమ్ముతాడు. చెప్పండి, ఆ రాత్రి తెరిచింది ఎవరు?